కాలమ్ ఎత్తు పెంచకండి, ముందు నూనె ఎక్కడ పోతోందో చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. డాబా మీద 6 అంగుళాల వెడల్పు, 3 అడుగుల ఎత్తున్న స్టీలు కాలమ్ (గడ్డి నింపే నిలువు గొట్టం), దాని కింద నీళ్ళ పాత్ర, అందులో 2 కిలోవాట్ల హీటర్, చివర 20 లీటర్ల బకెట్‌లో ముంచిన రాగి కాయిల్. 5 కిలోల నిమ్మగడ్డి పెట్టి నాలుగు గంటలు నడిపితే 8 మిల్లీలీటర్ల నూనె వచ్చింది. కాలమ్‌ని 5 అడుగులు చేయించి, వీడియోల్లో చూపించినట్టు లోపల స్టీలు పీచు నింపితే దిగుబడి పెరుగుతుందా అని మీ ప్రశ్న.

పెరగదు, ఇంకా తగ్గుతుంది. బాలానగర్‌లో కొటేషన్ కూడా తీసుకున్నానన్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను, ఆ డబ్బు ఆపండి. మీ నూనె పోతున్న చోట్లలో కాలమ్ ఎత్తు లేదు.

నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ రికవరీ ప్లాంటులో, అంటే వాడేసిన ద్రావకాలను శుద్ధి చేసి తిరిగి తీసే చోట, పద్దెనిమిదేళ్ళు పని చేశాను. అక్కడ కాలమ్ అంటే రింగులు, పీచులాంటి ప్యాకింగ్ నింపిన పొడుగాటి గొట్టం. ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కలిసిపోయిన రెండు ద్రవాలను, వాటి మరిగే ఉష్ణోగ్రతల్లో తేడా ఉంది కదా అని, విడదీయడానికి అది వాడతాం. ఆవిరి పైకి పోతూ ఉంటుంది, పైన చల్లబడిన ద్రవంలో కొంత కావాలనే కిందికి వదులుతాం, ప్యాకింగ్ మీద ఆ రెండూ ఒకదాన్నొకటి తాకుతూ, మళ్ళీ మళ్ళీ మరుగుతూ చల్లబడుతూ వేరవుతాయి. అక్కడ కాలమ్ ఎంత పొడుగుంటే, లోపల ఎంత ద్రవం వెనక్కి జారితే వేరు చేయడం అంత బాగా జరుగుతుంది. మీరు చూసిన వీడియోలు ఆ రకం కాలమ్‌వి, ఎక్కువ భాగం సారా తీసేవాళ్ళవి. (ఆ సంగతి ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తీయడం మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం, దాని గురించి ఎవరు అడిగినా నేను జవాబు చెప్పను.)

గడ్డి నుంచి నూనె తీసే కాలమ్ పని వేరు. నూనె, నీళ్ళు ఒకదాంట్లో ఒకటి కలవవు. కలవని రెండు ద్రవాలు కలిసి ఉన్నప్పుడు ఎవరి ఆవిరి ఒత్తిడి వాళ్ళు విడిగా చూపిస్తారు, ఆ రెండు ఒత్తిళ్ళూ కలిపి బయటి గాలి ఒత్తిడికి సమానం కాగానే రెండూ కలిసి బయల్దేరతాయి. నిమ్మగడ్డి నూనెలో నాలుగింట మూడు వంతుల దాకా ఉండే సిట్రాల్ ఒక్కటే మరగాలంటే 229 డిగ్రీలు కావాలి, అదే సిట్రాల్ నీటి ఆవిరి తోడుంటే 100 డిగ్రీల లోపే వచ్చేస్తుంది. ఈ డిస్టిలేషన్‌కు ఆధారం ఇంతే. ఇక్కడ వేరు చేయాల్సింది కాలమ్ కాదు, చివర్లో నూనె నీళ్ళ మీద తేలి విడిపోయే పాత్ర, అంటే సెపరేటర్. కాలమ్ పని గడ్డిని పట్టుకుని ఉండటం, ఆవిరిని ప్రతి ఆకుకీ సమానంగా తగలనివ్వడం, తగిలి నూనె ఎత్తుకున్న ఆవిరిని మళ్ళీ చల్లబడనీయకుండా పైకి పంపడం. అంటే సాల్వెంట్ కాలమ్‌లో మేము కావాలని చేసే పనే, లోపల చల్లబడి వెనక్కి జారడం, మీ కాలమ్‌లో శుద్ధ నష్టం. ఎత్తు పెంచితే చల్లబడే గోడ పెరుగుతుంది. స్టీలు పీచు పెడితే గడ్డికి దక్కాల్సిన చోటు పోతుంది, పైగా నూనె దానికి పట్టుకుని కూర్చుంటుంది.

ఇంకొక చిన్న మాట. కాలమ్ మీద పెట్టిన థర్మామీటర్ 98 దాటడం లేదు, పాడైందేమో అని రాశారు. పాడవలేదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. ఆ థర్మామీటర్ మీకు పెద్దగా పనికిరాదు కూడా, ఆవిరి పైకి చేరిందని మాత్రం చెప్తుంది, ఆ తర్వాత గడ్డిలో నూనె ఉన్నా అయిపోయినా అదే అంకె చూపిస్తుంది. దాన్ని తీసి కండెన్సర్ (ఆవిరిని చల్లబరిచే మీ రాగి కాయిల్) చివర, నీళ్ళు బొట్లుగా పడే చోట పెట్టండి, ఎందుకో కింద చెప్తాను.

ఇక మీకు ఎంత రావాలి. మంచి రకం నిమ్మగడ్డి పచ్చి ఆకులో బరువులో 0.3 నుంచి 0.8 శాతం దాకా నూనె ఉంటుంది. మధ్యలో 0.5 అనుకుంటే 5 కిలోలకు 25 గ్రాములు, ఈ నూనె నీళ్ళ కంటే తేలిక కాబట్టి కొలతలో 28 మిల్లీలీటర్లు. ఇంట్లో చిన్న స్టిల్‌తో (ఇలా ఆవిరితో నూనె తీసే పరికరంతో) అంతా తీయలేం, కానీ 18, 20 మిల్లీలీటర్లు రావాలి. మీకు 8 వచ్చాయి. మిగతాది ఎక్కడో ఉంది. నా లెక్క ప్రకారం కొంత గడ్డిలోనే ఉండిపోయింది, కొంత గాల్లో పోయింది, ఎక్కువ భాగం మీరు పూలకుండీల్లో పోసిన నీళ్ళలో పోయింది. చివరి దాని నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని సరిచేయడానికి ఖర్చు కూడా తక్కువ.

నాలుగు గంటల్లో పది లీటర్ల దాకా సువాసన నీళ్ళు వచ్చాయి, సబ్బునీళ్ళలా తెల్లగా ఉన్నాయి, మొక్కలకు పోశాను అని రాశారు. ఆ తెలుపంతా నూనే. సిట్రాల్ నీళ్ళలో లీటరుకు అర గ్రాము పైనే కరుగుతుంది, అంటే పది లీటర్లలో కరిగి పోయిందే 5 గ్రాములు దాటుతుంది. కరగకుండా సన్నటి తుంపరగా తేలుతున్నది దానికి అదనం, తెలుపు కనిపించేది దానివల్లే. మీరు సీసాలో పట్టిన 8 మిల్లీలీటర్లకు దాదాపు సమానంగా మొక్కలు తాగేశాయి.

దీనికి మొదటి కారణం మీ సెపరేటర్. 250 మిల్లీలీటర్ల గాజు గరాటు పెట్టారు. మీ హీటర్ 2 కిలోవాట్లు, ఒక లీటరు మరిగే నీళ్ళను ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్ళు కావాలి, లెక్క వేస్తే నష్టాలేమీ లేకపోతే గంటకు 3 లీటర్ల పైన, మామూలుగా రెండున్నర లీటర్ల నీళ్ళు బయటికొస్తాయి. 250 మిల్లీలీటర్ల గరాటులో ఆ నీళ్ళు నిలబడేది ఆరు నిమిషాలు. పైనుంచి బొట్లు పడి కలబెడుతుంటే సన్నటి నూనె తుంపర పైకి తేలడానికి ఆ సమయం ఏ మూలకూ చాలదు. కనీసం ఒక లీటరు, వీలైతే రెండు లీటర్లు పట్టే సన్నగా పొడుగ్గా ఉండే పాత్ర కావాలి, అప్పుడు నీళ్ళు ఇరవై నిమిషాలకు పైగా నిలుస్తాయి. గాజుదైతే నూనె పొర కంటికి కనిపిస్తుంది. స్టీలుదైనా ఫరవాలేదు, బేగంబజార్‌లో పొడుగాటి స్టీలు డబ్బా కొని, అడుగున ఒక గొట్టం అతికించి, ఆ గొట్టాన్ని బయట నుంచి పైకి తెచ్చి, డబ్బా అంచుకు రెండు మూడు అంగుళాల కింద వంచమనండి. నీళ్ళు అడుగు నుంచి ఆ గొట్టంలోకి ఎక్కి వాటంతటవే బయటికి పోతుంటాయి, నూనె పైన పేరుకుంటుంది. కండెన్సర్ నుంచి వచ్చే నీళ్ళు నేరుగా నూనె పొర మీద పడకూడదు. ఒక సన్నటి గరాటు పెట్టి, దాని కాడ నూనె పొర కిందికి దిగేలా, కాడ చివర పైకి వంగి ఉండేలా చూసుకోండి. కాడ డబ్బా అడుగు దాకా పోకూడదు, పోతే నూనె తేలకముందే నీళ్ళతో పాటు బయటి గొట్టంలోకి లాక్కుపోతుంది.

రెండోది, ఆ నీళ్ళను పారబోయకండి. వాటినే మళ్ళీ పాత్రలో పోసి తర్వాతి బ్యాచ్ నడపండి. కరిగిన నూనె మళ్ళీ ఆవిరితో పైకొస్తుంది, నీళ్ళు ఇప్పటికే నూనెతో నిండి ఉన్నాయి కాబట్టి కొత్త గడ్డి నూనెను అవి మళ్ళీ మింగవు. గులాబీల సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు, గులాబీ వాసనలో ముఖ్యమైన ఒక భాగం నీళ్ళలో బాగా కరిగిపోతుంది, అందుకే మొదటి పన్నీరును (గులాబీ నీళ్ళను) మళ్ళీ డిస్టిల్ చేస్తేగానీ రోజ్ ఆయిల్ పూర్తిగా దిగదు. అత్తర్లకు పేరున్న కన్నౌజ్‌లో ఆ ఇబ్బందిని ఇంకో రకంగా దాటారు, ఆవిరి వచ్చి చల్లబడే పాత్రలో ముందే చందనం నూనె పోసి ఉంచుతారు, వాసన నీళ్ళలో కాకుండా దాంట్లోకి దిగుతుంది. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో మీరు చూసే సంప్రదాయ అత్తర్లు పుట్టింది ఆ పద్ధతిలోనే.

ఒకే నీళ్ళను నాలుగైదు బ్యాచ్‌ల కంటే ఎక్కువ తిప్పకండి, పాత్రలో నీళ్ళు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన పడతాయి, ఆ వాసన నూనెకు ఎక్కితే పోదు. చివర్లో మిగిలిన తెల్లటి నీళ్ళలో లీటరుకు వంద గ్రాముల మామూలు ఉప్పు కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే ఇంకొంచెం నూనె పైకి తేలుతుంది. ఆ ఉప్పునీళ్ళను మాత్రం పొరపాటున కూడా స్టీలు పాత్రలో పోసి మరిగించకండి, ఉప్పు స్టీలును గుంటలు పడేలా తినేస్తుంది.

ఇప్పుడు కండెన్సర్. గాల్లో పోయింది అన్నది ఇక్కడే. హీటర్ ఎంత వేడి పెడుతుందో దాదాపు అంత వేడినీ అటు చివర కండెన్సర్ తీసేయాలి. 2 కిలోవాట్లు గంట సేపు అంటే 7200 కిలోజౌళ్ళు. మీ బకెట్‌లో 20 లీటర్ల నీళ్ళున్నాయి, ఆ వేడి అంతా అందులోకి పోతే గంటలో 86 డిగ్రీలు పెరగాలి. అంటే గంట తిరిగేసరికి మీ బకెట్ కూడా మరగడానికి సిద్ధంగా ఉంటుంది. మీరు మధ్యలో చెంబుతో వేడినీళ్ళు తీసి చల్లనీళ్ళు పోశానన్నారు, కానీ చివర్లో కాయిల్ నుంచి ఆవిరి పొగలా వస్తుంటే ఇల్లంతా కమ్మటి వాసన వచ్చిందని కూడా రాశారు. ఇల్లంతా నిమ్మగడ్డి వాసన వస్తోందంటే నూనె సీసాలోకి పోవడం లేదని అర్థం.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చుకోండి. అదే వేడికి గంటకు 9 డిగ్రీలే పెరుగుతుంది, రెండు గంటల బ్యాచ్‌కు 18. తెల్లవారుజామున 28 డిగ్రీల నీళ్ళతో మొదలుపెడితే అయిపోయేసరికి 46, నీళ్ళు మార్చకుండా పని జరిగిపోతుంది. కానీ ఇది మన ఊళ్ళో ఏ నెల, ఏ పూట అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నం డాబా మీద నల్లటి ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చేతికి చురుక్కుమంటాయి, ఆ నీళ్ళతో మొదలుపెడితే మీరు గంట ముందే ఓడిపోయినట్టు. ఎండాకాలం నేను తెల్లవారి నాలుగున్నరకు స్విచ్ వేస్తాను, ఎండ ఎక్కేలోపు గడ్డి తీసేస్తాను. డ్రమ్ము రాత్రే నింపి, చుట్టూ తడి గోనె సంచి కట్టి, నీడలో పెట్టుకుంటే పొద్దునకు ఇంకా చల్లబడి ఉంటుంది. రోజుకు రెండు బ్యాచ్‌లు తీయాలనుకుంటే రెండు డ్రమ్ములు పెట్టి కూలర్‌లో వేసే చిన్న మోటారుతో తిప్పుకోండి. ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో కుళాయి వదిలేసి కండెన్సర్ నడపడం నాకు మనసొప్పదు, ఆ వేడినీళ్ళను గిన్నెలు తోమడానికైనా వాడుకోండి.

డ్రమ్ములోకి చల్లనీళ్ళు అడుగున రావాలి, వేడినీళ్ళు పైనుంచి పోవాలి, ఆవిరి కాయిల్ పైనుంచి కిందికి దిగాలి. కాయిల్‌లో ఎక్కడా కిందికి జారి మళ్ళీ పైకి లేచే మెలిక ఉండకూడదు, ఆ గుంటలో నీళ్ళు నిలిచి ఆవిరిని ఆపి ఆపి వదులుతాయి, బొట్లు ఉబికి ఉబికి పడతాయి, సెపరేటర్‌లో నూనె నీళ్ళతో కలగలిసిపోతుంది. థర్మామీటర్ ఇక్కడ పెట్టమన్నది అందుకే. పడే నీళ్ళు 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. మంచులా చల్లగా చేయాల్సిన పని లేదు, గోరువెచ్చగా ఉంటేనే నూనె పలచగా ఉండి త్వరగా తేలుతుంది. 50 దాటితే హీటర్ తగ్గించండి లేదా నీళ్ళు మార్చండి.

ఇక కాలమ్‌కు వస్తాను. మీ కాలమ్‌లో పట్టే చోటు 16 లీటర్ల పైచిలుకు. నరికిన పచ్చి నిమ్మగడ్డి లీటరుకు 200 నుంచి 250 గ్రాముల చొప్పున పడితే ఆవిరి బాగా తిరుగుతుంది, అంటే మూడున్నర నుంచి నాలుగు కిలోలు. మీరు 5 కిలోలు పెట్టారు, అదీ రోకలితో కుక్కి. కుక్కితే నూనె ఎక్కువ వస్తుందనిపించడం సహజం. కానీ ఆవిరి కూడా నీళ్ళలాంటిదే, మడికి నీళ్ళు పెట్టినప్పుడు గట్టుకు ఒక్క ఎలుక బొరియ ఉంటే నీళ్ళన్నీ అటే పోయినట్టు, బిగించిన గడ్డిలో ఎక్కడో ఒక సందు దొరికితే ఆవిరంతా ఆ సందులోంచే దూసుకుపోతుంది. మిగతా గడ్డి ఉడుకుతుంది కానీ దాని నూనెను ఎత్తుకుపోయేవాళ్ళు ఉండరు. గడ్డి బయటికి తీసినప్పుడు చూడండి, కొన్నిచోట్ల బాగా ఉడికి గోధుమ రంగులో, కొన్నిచోట్ల ఇంకా పచ్చగా, నలిపితే వాసన వస్తూ ఉంటుంది. ఆ పచ్చటి చోట్లలో ఉన్నది మీ నూనే.

దీంట్లో చాలామంది చూడని సంగతి ఒకటుంది. మీరు మొదట్లో ఎంత సమంగా నింపినా, పావుగంట ఆవిరి తగిలాక గడ్డి మెత్తబడి కిందికి కుంగుతుంది, కుంగుతూ గోడల నుంచి లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు గోడ పక్కన చుట్టూ సందు ఏర్పడి ఆవిరి దాని వెంటే పోతుంది. 3 అడుగుల ఎత్తు గడ్డి ఒకే దొంతరగా ఉంటే అడుగు భాగం పై బరువుకు నలిగి చక్కలా అవుతుంది. ఎత్తు పెంచొద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం. మందు దీనికి చిన్నదే, మధ్యలో రెండు జాలీలు పెట్టండి, ప్రతి అడుగు ఎత్తుకూ ఒకటి. కాలమ్ వెడల్పుకు సరిపోయే గుండ్రటి స్టీలు జాలీ, మధ్యలో ఒక కడ్డీ, కడ్డీకి పైన కొక్కెం. ఇడ్లీ స్టాండు లాగే. ఒక్కో జాలీ మీద గడ్డి విడిగా కుంగుతుంది, పై జాలీ దగ్గర ఆవిరి మళ్ళీ వెడల్పంతా పరుచుకుని ఎక్కుతుంది. పని అయ్యాక కొక్కెం పట్టుకుని లాగితే వేడి గడ్డి అంతా ఒక్కసారే బయటికొస్తుంది, అది ఇంకో లాభం. బాలానగర్ కొటేషన్‌లో పదో వంతు కూడా కాదు ఈ పని.

అడుగు జాలీకి, నీళ్ళకి మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి. ఇడ్లీ పాత్రలో నీళ్ళు ఎక్కువైతే కింది వాయి తడిసి ముద్దయినట్టే ఇక్కడా అవుతుంది. పైగా మొదలుపెట్టినప్పుడు చల్లటి గడ్డిని వేడి చేయడానికే అర లీటరు పైన ఆవిరి నీళ్ళుగా మారి కిందికి కారుతుంది, ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

కాలమ్‌కు దుప్పటి కప్పకపోవడం మీ సెటప్‌లో ఇంకో పెద్ద నష్టం. ఫొటోలో స్టీలు తళతళ మెరుస్తూ బోసిగా ఉంది. 6 అంగుళాల వెడల్పు, 3 అడుగుల ఎత్తు గోడ నుంచి, గాలి పెద్దగా లేకపోయినా, దాదాపు 300 వాట్లు బయటికి పోతాయి. 2000లో 300. గంటకు దాదాపు అర లీటరు ఆవిరి గడ్డిలోనే నీళ్ళై కారిపోతోందన్నమాట. కారేటప్పుడు అది ఎత్తుకున్న నూనెను కూడా కిందికి దింపేస్తుంది, గడ్డిని తడి ముద్ద చేస్తుంది. డాబా మీద గాలి వీస్తే ఇది ఇంకా పెరుగుతుంది. గ్లాస్ వూల్ చుట్టి మీద అల్యూమినియం రేకు కట్టండి, రాణీగంజ్‌లో దొరుకుతుంది, చేతికి గ్లౌజులు వేసుకుని చుట్టండి, దురద పెడుతుంది. అదీ వద్దనుకుంటే మందంగా మూడు నాలుగు పొడి గోనె సంచులు చుట్టినా తేడా కనిపిస్తుంది. థర్మోకోల్ వద్దు, ఈ వేడికి కరుగుతుంది. మూత, మూత నుంచి కండెన్సర్ దాకా పోయే పైపు, అన్నీ కప్పండి. పైపు మూత దాటిన దగ్గర్నుంచి కండెన్సర్ వైపు వాలి ఉండాలి. మీ ఫొటోలో అది రెండడుగులు నిటారుగా పైకి లేచి తర్వాత తిరిగింది, ఆ రెండడుగుల్లో చల్లబడిందంతా మళ్ళీ గడ్డి మీదే పడుతోంది.

గడ్డి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లోపల లేని నూనెను ఏ కాలమ్ కూడా బయటికి తీయలేదు. మీరు మొదలంటా కోసి కాడలతో సహా పెట్టారు. నూనె ఎక్కువగా ఉండేది ఆకులో, అడుగున తెల్లటి కాడలో తక్కువ. నేల నుంచి జానెడు వదిలి కోయండి, దుబ్బు కూడా త్వరగా చిగురిస్తుంది. వాన పడిన మర్నాడు కోయకండి, మంచు ఆరాక కోయండి. కోసిన గడ్డిని నీడలో పలచగా పరిచి ఒక రాత్రి, మహా అయితే ఒక రోజు వడలనివ్వండి. నీరు తగ్గుతుంది, అదే కాలమ్‌లో ఎక్కువ గడ్డి పడుతుంది, వేడి చేయాల్సిన తడి తగ్గుతుంది. కుప్ప పోస్తే మాత్రం లోపల వేడెక్కి పులుస్తుంది. ఎండలో వేస్తే నూనె ఎగిరిపోతుంది. కాలమ్‌లో పెట్టే ముందు నాలుగైదు అంగుళాల ముక్కలుగా కత్తిపీటతో కోయండి, కోసి వెంటనే పెట్టేయండి. నారు ఎక్కడిదో తెలియదన్నారు కదా, పెరటి టీ నిమ్మగడ్డికీ నూనె కోసం ఎంచిన రకానికీ నూనె శాతంలో చాలా తేడా ఉంటుంది. బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, లక్నో ప్రధాన సంస్థకు చెందినది, సుగంధ మొక్కల మీదే వాళ్ళ పని. ఒకసారి వెళ్ళి కృష్ణ లాంటి రకాల పిలకల గురించి అడగండి. మీ ఉప్పల్ నుంచి ఎంతో దూరం కాదు.

నాలుగు గంటలు నడపొద్దు. నిమ్మగడ్డి నూనెలో ఎక్కువ భాగం మొదటి గంట, గంటన్నరలో వచ్చేస్తుంది. మీరు తర్వాతి రెండు గంటలు 4 యూనిట్ల కరెంటు కాల్చి, నూనెను కరిగించుకోవడానికి ఇంకో ఐదు లీటర్ల నీళ్ళు తయారు చేశారు. మొదటి బొట్టు పడిన దగ్గర్నుంచి పావుగంటకోసారి నూనె పొర ఎంత పెరిగిందో నోటుపుస్తకంలో రాయండి. పావుగంటలో అర మిల్లీలీటరు కూడా రాకపోతే ఆపేయండి. పామారోజా గడ్డికి రెండు మూడు గంటలు పడుతుంది, నీలగిరి ఆకుకూ అంతే. వట్టివేరు మాత్రం వేరే లోకం, పన్నెండు గంటలు దాటాల్సిందే, దాని నూనె బరువు కూడా నీళ్ళ బరువుకు దగ్గరగా ఉండి సరిగ్గా తేలదు, ఇప్పుడే దాని జోలికి వెళ్ళకండి. తులసిలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, అది నీళ్ళ కంటే బరువు. లవంగం నూనె అయితే అడుక్కి దిగిపోతుంది, దానికి నేను పైన చెప్పిన సెపరేటర్ పనికిరాదు.

బోరు నీళ్ళు వాడుతున్నానన్నారు. మన బోరు నీళ్ళతో హీటర్ రాడ్ మీద నెలలో సున్నం గట్టిగా పేరుకుంటుంది, వేడి నీళ్ళకు చేరడం తగ్గి రాడ్ మాడిపోతుంది. ఇంట్లో ఆర్‌వో ఉంటే ఆ మంచి నీళ్ళు వాడండి, పెట్టేది పది పదిహేను లీటర్లే, పైగా ఎక్కువ భాగం మీకే తిరిగొస్తుంది. ఇప్పటికే పట్టిన సున్నానికి లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి వేడి చేసి గంట ఉంచితే వదులుతుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి దాటేయకండి. మా వీధిలోనే ఒకాయన ఇలాంటి స్టిల్‌కే మూత బిగించి, పైపులో గడ్డి ముక్క అడ్డుపడ్డ సంగతి చూసుకోకుండా టీ తాగడానికి కిందికి వెళ్ళాడు, మూత ఎగిరి పక్కింటి గోడకు తగిలింది, అక్కడ పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. ఆవిరి బయటికిపోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. అన్నిటికంటే పైన ఉన్న గడ్డి మీద ఇంకో సన్నటి జాలీ మూతలా పెట్టండి, ఆకు ముక్క పైపులోకి పోకుండా. మూత బోల్టులతో బిగించకుండా, గోధుమ పిండి ముద్దతో అంచు మూసి చిన్న బరువు పెడితే ఒత్తిడి పెరిగినప్పుడు అక్కడే ఊదుకుంటుంది. కాలమ్‌కు సేఫ్టీ వాల్వ్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. పైపు చివర నీళ్ళలో మునగకూడదు, హీటర్ ఆపగానే కాలమ్ ఆ నీళ్ళను వెనక్కి పీల్చుకుంటుంది. 2 కిలోవాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా డాబా మీద తడి నేలలో అది నడపొద్దు. నీళ్ళ మట్టం రాడ్ కిందికి దిగకుండా బయట ఒక గాజు గొట్టం పెట్టించుకోండి. సీసా దగ్గర గ్యాస్ పొయ్యి, అగరొత్తి ఏదీ వద్దు, ఈ నూనె మండుతుంది.

నూనె తీశాక అందులో తడి లేకుండా చూసి, ముదురు రంగు గాజు సీసాలో మెడ దాకా నింపి, చీకట్లో పెట్టండి. సీసాలో గాలి ఉంటే సిట్రాల్ పాడవుతుంది. ప్లాస్టిక్ సీసా వద్దు, రబ్బరు వాషర్లూ వద్దు, అవి నూనె పీల్చి ఉబ్బుతాయి, కీళ్ళ దగ్గర టెఫ్లాన్ టేపు వాడండి.

అన్నీ ఒకేసారి మార్చకండి, మారిస్తే దేనివల్ల ఎంత పెరిగిందో తెలియదు. ఈ ఆదివారం పెద్ద సెపరేటర్, 200 లీటర్ల డ్రమ్ము, ఈ రెండే పెట్టి, నాలుగు కిలోల గడ్డి కుక్కకుండా వదులుగా నింపి, రెండు గంటలు నడపండి. తర్వాతి బ్యాచ్‌కు గోనె సంచులు, ఆ తర్వాతి దానికి జాలీలు. ప్రతిసారీ గడ్డి బరువు, మొదటి బొట్టు పడిన సమయం, పావుగంటకోసారి నూనె కొలత, పడే నీళ్ళ వేడి రాసి ఇక్కడ పెట్టండి. ఉడికిన గడ్డిని పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి గుప్పెడు చొప్పున తీసి నలిపి వాసన చూసి, ఎక్కడ ఇంకా నిమ్మ వాసన వస్తోందో అది కూడా రాయండి. ఆ మూడు గుప్పెళ్ళ వాసన చెప్తే జాలీలు ఏ ఎత్తులో పెట్టాలో నేను చెప్తాను.